వెన్ను పక్కన ఎక్కించిన మత్తుమందు ఎటు పారుతుంది?

పక్కటెముకలు నాలుగైదు విరిగిన మనిషి నొప్పికి జడిసి ఊపిరి పైపైనే తీసుకుంటాడు. దగ్గు వచ్చినా బిగబట్టుకుంటాడు. కఫం లోపలే పేరుకుపోయి, రెండు మూడు రోజులు తిరిగేసరికి న్యుమోనియా దిగే ప్రమాదం ఉంటుంది. విజయవాడ, గుంటూరు మధ్య హైవే మీద బైకు పడి క్యాజువాలిటీకి వచ్చేవాళ్లలో ఈ దెబ్బ మామూలే. ట్రమడాల్, మార్ఫిన్ లాంటివి నొప్పి తగ్గిస్తాయి గానీ మగత, వాంతులు వెంట తెస్తాయి. పెద్ద వయసువాళ్లలో మార్ఫిన్ ఊపిరినే మందగింపజేస్తుంది. వెన్నెముక పక్కన సూదితో మత్తుమందు ఎక్కించి, ఆ వైపు నరాలను మాత్రం కొన్ని గంటలు మొద్దుబార్చే బ్లాకులకు గిరాకీ పెరిగింది ఇందుకే.

వీటిలో ఇప్పుడు ఎక్కువగా వినిపించే పేరు ఎరెక్టార్ స్పైనే ప్లేన్ బ్లాక్, వాడుకలో ఈఎస్‌పీ. ఫోరెరో, ఆయన సహచరులు 2016లో దీన్ని వివరించారు. సూది ఎముకకు తగిలి ఆగుతుంది, ఊపిరితిత్తి పొర దూరంగా ఉంటుంది, నేర్చుకోవడం తేలిక. ఇంత సుళువైన బ్లాకు చేతికి రాగానే ఛాతీకి, పొట్టకు, నడుముకు, అన్నిటికీ అదే వేసే అలవాటు పెరిగింది. అదే మందు, అదే 20 మి.లీ., అదే చోట వేసినా ఒక రోగి అరగంటలో గట్టిగా దగ్గగలుగుతాడు. పక్క మంచం మీది రోగికి వీపు మొద్దుబారుతుంది గానీ ఛాతీ ముందుభాగం నొప్పి ఎక్కడిదక్కడే ఉంటుంది. వేసిన చేతిని బట్టి కొంత తేడా వస్తుంది, నిజమే. కానీ చెయ్యి ఎంత తిరిగినదైనా ఈ తేడా పూర్తిగా పోదు. ఈఎస్‌పీలో మందు కండరం కింద పైకీ కిందికీ నమ్మకంగా పారుతుంది. ముందుకు, అంటే నరం బయటికొచ్చే రంధ్రం వైపు, ఎంత పారుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. బ్లాకు ఎంచుకునేటప్పుడు మొదట చూసుకోవాల్సింది ఇదే.

నరం రెండుగా చీలే చోటు

వెన్నుపూసల మధ్య రంధ్రం నుంచి బయటికొచ్చిన నరం కొద్ది దూరంలోనే రెండు కొమ్మలవుతుంది. వెనక కొమ్మ వీపు కండరాలకు, వెన్నుపూసల మధ్య ఫాసెట్ కీళ్లకు, వెన్ను పక్క చర్మానికి వెళ్తుంది. ముందు కొమ్మ ఛాతీ భాగంలో పక్కటెముక కింద అంచు వెంట రొమ్ము ఎముక దాకా సాగుతుంది. దారి మధ్యలో చంక గీత దగ్గర పక్క చర్మానికి ఒక పాయను పంపుతుంది. పక్కటెముక నొప్పి, ప్లూరా (ఊపిరితిత్తి పొర) నొప్పి, ఛాతీ ముందు చర్మం నొప్పి అన్నీ ఈ ముందు కొమ్మ మోసేవే. కడుపులోని అవయవాల నొప్పి సింపథెటిక్ (మన ప్రమేయం లేకుండా పనిచేసే నరాల) గొలుసు గుండా వస్తుంది. ఆ గొలుసు ఇంకా ముందు, వెన్నుపూస శరీరానికి పక్కగా ఉంటుంది.

ముందు కొమ్మ, సింపథెటిక్ గొలుసు, రక్తనాళాలు కలిసి ఉండే త్రికోణపు చోటు పేరు పారావర్టిబ్రల్ స్పేస్. ముందు గోడ ప్లూరా, లోపలి గోడ వెన్నుపూస, డిస్క్. వెనక గోడ సుపీరియర్ కాస్టోట్రాన్స్‌వర్స్ లిగమెంట్. పక్కకు ఇది పక్కటెముకల మధ్య చోటులో కలిసిపోతుంది, లోపలికి రంధ్రం గుండా వెన్నుపాము పొరల బయట ఉండే ఎపిడ్యూరల్ స్పేస్‌తో కలుస్తుంది. కిందివైపు 12వ ఛాతీ పూస దగ్గర సోయస్ కండరం మొదలై దారి మూసేస్తుంది. సూదిమొన ఈ త్రికోణంలో ఉంటే మందు నరానికి నేరుగా తగులుతుంది. 1905లో సెల్‌హైమ్ మొదలుపెట్టిన ఈ పారావర్టిబ్రల్ బ్లాకును 1979లో ఈసన్, వ్యాట్ మళ్లీ వాడుకలోకి తెచ్చారు. 15 మి.లీ. ఒకేచోట వేస్తే సాధారణంగా నాలుగైదు నరాల మేర మొద్దుబారుతుంది. కొందరిలో రెండు మూడే అందుతాయి. అందుకే పెద్ద సర్జరీకి రెండు మూడు చోట్ల 4, 5 మి.లీ. చొప్పున విడివిడిగా వేసే పద్ధతి ఉంది. గుచ్చుళ్లు పెరిగిన కొద్దీ ప్లూరాకు తగిలే ప్రమాదం కూడా పెరుగుతుంది మరి.

ఈఎస్‌పీలో సూదిమొన ఈ త్రికోణానికి బయట ఉంటుంది. ట్రాన్స్‌వర్స్ ప్రాసెస్ (వెన్నుపూస పక్కకు పొడుచుకొచ్చిన ఎముక) కొసకు, దాని మీద నిలువుగా పరుచుకున్న ఎరెక్టార్ స్పైనే కండరానికి మధ్య మందు వదులుతారు. ఆ కండరం మెడ నుంచి కటి దాకా ఒకే పట్టీలా ఉంటుంది కాబట్టి మందు నిలువునా సాగుతుంది. ఒక్కో పూసకు సుమారు 3, 4 మి.లీ. పడుతుందన్న లెక్కన 20 మి.లీ.కి ఐదారు పూసల మేర విస్తరిస్తుంది. పైకి వచ్చే వెనక కొమ్మలు ఈ దారిలోనే తడుస్తాయి. ముందు కొమ్మకు చేరాలంటే మాత్రం ఒక ట్రాన్స్‌వర్స్ ప్రాసెస్‌కూ దాని కింది దానికీ మధ్య ఉన్న చిన్న కండరాలు, లిగమెంట్లు, కొవ్వు అన్నీ దాటుకుని పోవాలి. అది పూర్తిగా మూసుకుపోయిన గోడేమీ కాదు. వెనక కొమ్మ, దాని వెంట వచ్చే రక్తనాళాలు దూరి వచ్చే సందులు అందులో ఉన్నాయి. డెల్టా చేలల్లో గట్టుకు ఎండ్రకాయ బొరియలుంటే, పెట్టిన నీళ్లలో ఎక్కువ భాగం ఆ మడిలోనే నిలిచి, బొరియ దొరికినచోట కొంత పక్క మడిలోకి జారుతుంది. ఈఎస్‌పీ మందు ముందుకు వెళ్లే తీరు అచ్చం అలాంటిదే. సందు ఎంత వెడల్పు, ఎన్ని ఉన్నాయి, కొవ్వు ఎంత అడ్డుపడింది అన్నవి మనిషి మనిషికీ మారతాయి. ఒకే మనిషిలో కుడి ఎడమలకు కూడా తేడా ఉంటుంది.

శవాల మీద రంగునీళ్లతో చేసిన పరీక్షలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉండటానికి కారణం ఇక్కడే దొరుకుతుంది. కొన్నిటిలో రంగు వెనక కండరాల్లోనే ఆగింది, పారావర్టిబ్రల్ చోటులో ఆనవాలే కనబడలేదు. మరికొన్నిటిలో రంధ్రాల్లోకి, ఎపిడ్యూరల్‌లోకి కూడా చేరింది. బతికున్న మనిషిలో ఊపిరితో ఛాతీలో ఒత్తిడి ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, కండరం కదులుతుంది, శరీరపు వేడి ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ మందు ఇంకుతూ పోతుంది. కాబట్టి శవంలో కనబడినదానికంటే కొంచెం ఎక్కువే ముందుకు చేరుతుందనుకోవచ్చు. ఎంఆర్‌ఐ తీసిన రోగుల్లో అలా చేరిన దాఖలాలు కూడా ఉన్నాయి. అయినా చేరేది తక్కువ మోతాదు, పలచబడిన మందు. పలచని మందు నొప్పిని మోసే సన్నని తంతువులను ముందు ఆపుతుంది, స్పర్శను మోసే లావు తంతువులను వదిలేస్తుంది. సూదితో గుచ్చితే "తెలుస్తోంది" అనే రోగే "నొప్పి తగ్గింది" అని కూడా అనడానికి ఇదొక కారణం. రక్తంలోకి పీల్చుకున్న మందు కూడా కొంత నొప్పి తగ్గిస్తుందన్న వాదన ఉంది, దాన్ని కొట్టిపారేయలేం.

ఏ సర్జరీకి ఏది

ఈ తర్కంతో చూస్తే ఎంపిక చాలావరకు తేలిపోతుంది. నడుము డిస్క్ ఆపరేషన్, వెన్నుపూసలకు స్క్రూలు బిగించే సర్జరీ వెనక కొమ్మల రాజ్యం. అక్కడ మందు ముందుకు పారకపోయినా పర్వాలేదు. ఈఎస్‌పీకి ఇంతకంటే సరిపోయే పని లేదు. రొమ్ము క్యాన్సర్‌కు మాస్టెక్టమీ (రొమ్ము తొలగించే ఆపరేషన్) చేసేటప్పుడు కావలసింది ముందు కొమ్మలు. అక్కడ పారావర్టిబ్రల్‌కే మొదటి స్థానం ఇవ్వాలి. సర్జరీ తరువాతి నొప్పి మీద సలహాలిచ్చే ప్రాస్పెక్ట్ బృందం రొమ్ము సర్జరీకి వెలువరించిన సిఫార్సులూ అదే చెప్పాయి. పారావర్టిబ్రల్ ఎంత బాగా పట్టినా ఛాతీ కండరాలకు వచ్చే పెక్టోరల్ నరాలు బ్రేకియల్ ప్లెక్సస్ (చేతికి వెళ్లే నరాల అల్లిక) నుంచి వస్తాయని మరవకూడదు. చంకలో గడ్డలు తీసేటప్పుడు టి2 (రెండో ఛాతీ నరం) అందకపోతే రోగి అక్కడ నొప్పి చెబుతుంది. అలాంటప్పుడు బ్లాకు ఫెయిలైందని రాసేయడం సరికాదు, ఆ నరం ఆ బ్లాకు చేరిన మేరలో లేదు.

పక్కటెముకలు విరిగినప్పుడు ఎంపిక అంత సూటిగా ఉండదు. విరిగింది వెనక, పక్క భాగాల్లో అయితే ఈఎస్‌పీ బాగా పనిచేస్తుంది. రొమ్ము ఎముక దగ్గర ముందువైపు విరిగితే దాని మీద భరోసా పెట్టుకోకూడదు. ఇంకో సంగతి: స్టెంట్ వేయించుకుని, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ వాడుతున్న రోగికి ఎపిడ్యూరల్ వేయాలంటే ఐదు నుంచి ఏడు రోజులు మందు ఆపి ఉండాలి. ప్రమాదంలో పడి వచ్చినవాడికి ఆ వ్యవధి ఎక్కడిది? పారావర్టిబ్రల్‌ను కూడా రక్తస్రావం విషయంలో లోతైన బ్లాకుగానే లెక్కిస్తారు. ఈఎస్‌పీలో సూది ఎముక మీద ఆగుతుంది, రక్తం కారినా వెన్నుపాము దగ్గర గడ్డకట్టే చోటు కాదది. ముందుకు పారడం అనుమానమే అయినా ఇలాంటి రోగికి అది వేయడం సబబు.

సూది వేసేటప్పుడు

పూసల లెక్క దగ్గరే చాలా బ్లాకులు దారి తప్పుతాయి. ఛాతీ మధ్య పూసల వెనక ముల్లు కిందికి వాలి ఉంటుంది. చేతికి తగిలే టి5 (అయిదో ఛాతీ పూస) ముల్లు కొస దాదాపు టి6 ట్రాన్స్‌వర్స్ ప్రాసెస్ ఎదురుగా ఉంటుంది. చేత్తో తడిమి లెక్కపెట్టేకంటే అల్ట్రాసౌండ్‌లో 12వ పక్కటెముక నుంచి పైకి, లేదా మొదటి పక్కటెముక నుంచి కిందికి లెక్కపెట్టడం మేలు. విరిగిన పక్కటెముకల్లో మధ్యదాని ఎదురుగా బ్లాకు వేస్తే మందు అటూ ఇటూ సమంగా అందుతుంది.

అల్ట్రాసౌండ్ ప్రోబ్‌ను వెన్ను మధ్యగీత నుంచి 3 సెం.మీ. పక్కకు నిలువుగా పెట్టాలి. ఇంకా పక్కకు జరిపితే కనబడేవి పక్కటెముకలు: గుండ్రటి, సన్నటి తెల్లని గీతలు, వాటి మధ్య కదులుతున్న ప్లూరా స్పష్టంగా ఉంటుంది. లోపలికి జరిపితే గీత వెడల్పై, కొస చదునుగా పెట్టె మూతలా కనిపిస్తుంది, అదే ట్రాన్స్‌వర్స్ ప్రాసెస్. ఇంకా లోపలికి పోతే లామినా (పూస వెనక పలక) వస్తుంది. పక్కటెముక మీద మందు వదిలితే మందు పక్కకు జారిపోయి రంధ్రానికి దూరమవుతుంది. ఈ పొరపాటు తెర మీద సరైన బ్లాకులాగే కనబడుతుంది, అదే చిక్కు. సూది వేసే ముందు ప్రోబ్‌ను ఒకసారి అటూ ఇటూ జరిపి, పక్కటెముక, ట్రాన్స్‌వర్స్ ప్రాసెస్ రెండూ చూసి నిర్ధారించుకోవాలి.

22 గేజ్, 8 లేదా 10 సెం.మీ. బ్లాకు సూది చాలు. అది స్టాకులో లేని చోట అంత పొడవున్న స్పైనల్ సూదికి ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ తగిలించి వాడుతుంటారు. ప్రోబ్‌తో ఒకే గీతలో పైనుంచి కిందికి సూదిని దించి ఎముకను మెత్తగా తాకించాలి. అక్కడ 2, 3 మి.లీ. సెలైన్ వదిలి చూడాలి. కండరం మొత్తంగా ఎముక మీది నుంచి లేచి, నల్లటి సన్న గీత పైకీ కిందికీ పరుగెత్తితే చోటు సరైనది. కండరం లోపలే ఉబ్బెత్తుగా నల్లటి బుడగ ఏర్పడితే మొన ఇంకా ఫాసియా (కండరాన్ని కప్పే) పొరను దాటలేదు, పూర్తిమందు వేయకుండా సూదిని ముందుకు జరపాలి. నల్లగీత కనబడకుండా సెలైన్ మాయమైపోతుంటే రక్తనాళంలోకి వెళ్తోందేమోనని ఆగాలి. ఆ తరువాత ప్రతి 5 మి.లీ.కి ఒకసారి సిరంజి వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూస్తూ మందు ఎక్కించాలి. ఈ చూపులకు పట్టే సమయం పెద్దదేమీ కాదు. వీటిని ఎగ్గొట్టి వేసిన బ్లాకు పనిచేయకపోతే తప్పు శరీర నిర్మాణానిదో సూదిదో ఎప్పటికీ తేలదు.

మోతాదు లెక్క

ఈ బ్లాకుల్లో వాడే మత్తుమందు బుపివకైన్. దాని 0.5 శాతం వయల్‌లో మి.లీ.కి 5 మి.గ్రా. ఉంటుంది. 10 మి.లీ. మందుకు 10 మి.లీ. సెలైన్ కలిపితే 0.25 శాతం, 20 మి.లీ., మొత్తం 50 మి.గ్రా. కిలోకు 2 మి.గ్రా. హద్దుగా పెట్టుకుంటే 60 కిలోల మనిషికి 120 మి.గ్రా. దాటకూడదు. రెండు వైపులా 20 మి.లీ. చొప్పున వేసినా 100 మి.గ్రా. మాత్రమే, సరిపోతుంది. ఇబ్బంది వచ్చేది బక్కపలచని పెద్దవాళ్లతో. 45 కిలోల మనిషికి హద్దు 90 మి.గ్రా.; అదే మోతాదు రెండు వైపులా వేస్తే దాటిపోతుంది. అక్కడ పరిమాణం తగ్గించకుండా గాఢత తగ్గించాలి. 0.2 శాతం అయితే 40 మి.లీ.లో 80 మి.గ్రా. వస్తుంది. ఈ బ్లాకులో విస్తరణ అంతా పరిమాణం మీదే ఆధారపడి ఉంది కదా. క్యాజువాలిటీ నుంచి వచ్చిన కాగితం మీద రాసిన బరువు చాలాసార్లు కంటి అంచనానే, దాన్ని నమ్మి హద్దు అంచుల దాకా పోకూడదు. గాయం కుట్టేటప్పుడు సర్జన్ వేసిన లిగ్నోకైన్ (ఇంకో మత్తుమందు)ను కూడా లెక్కలో కలుపుకోవాలి.

మత్తు ట్రాలీలో బుపివకైన్ రెండు రకాలు పక్కపక్కనే ఉంటాయి. 4 మి.లీ. ఆంప్యూల్‌లో వచ్చే హెవీ మందులో డెక్స్‌ట్రోజ్ కలిసి ఉంటుంది, అది స్పైనల్‌కు మాత్రమే. బ్లాకుకు డెక్స్‌ట్రోజ్ లేని, ప్రిజర్వేటివ్ లేని ప్లెయిన్ మందు తీసుకోవాలి. అడ్రినలిన్ కలపదలిస్తే 20 మి.లీ. మందులో 1:1000 అడ్రినలిన్ 0.1 మి.లీ., అంతే, మి.లీ.కి 5 మైక్రోగ్రాములు. దానివల్ల మందు రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది, సూది నాళంలో ఉంటే గుండె వేగం ఉన్నట్టుండి పెరిగి హెచ్చరిక కూడా ఇస్తుంది.

కండరాల పొరల మధ్య వెడల్పుగా పరుచుకున్న మందును రక్తం త్వరగానే పీల్చుకుంటుంది. కాబట్టి బ్లాకు అయ్యాక కనీసం అరగంట మానిటర్ తీయకూడదు. నోటిలో లోహపు రుచి, పెదాల చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, ఉన్నట్టుండి గాభరా: మందు రక్తంలో ఎక్కువైందనడానికి ఇవి మొదటి గుర్తులు. ఆ తరువాత ఫిట్స్, గుండె లయ తప్పడం. అప్పుడు కావలసింది ఆక్సిజన్, ఫిట్స్‌కు మిడజోలం, 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (నరంలోకి ఎక్కించే కొవ్వు ద్రావణం). కిలోకు 1.5 మి.లీ. చొప్పున 60 కిలోల మనిషికి 90 మి.లీ. రెండు మూడు నిమిషాల్లో ఎక్కించి, ఆ వెంటనే నిమిషానికి 15 మి.లీ. చొప్పున కొనసాగించాలి. 100 మి.లీ. సీసా ఒక్కటి ఉంటే మొదటి మోతాదుకే అయిపోతుంది, కాబట్టి బ్లాకులు వేసే ప్రతి ఓటీలో 250 మి.లీ. సీసాలు రెండు మూడు చేతికందే దూరంలో ఉండాలి. అడ్రినలిన్ అవసరమైతే కిలోకు 1 మైక్రోగ్రాము మించకుండా చిన్న మోతాదుల్లోనే ఇవ్వాలి. నిద్రపుచ్చే మందు ప్రొపొఫోల్ కూడా తెల్లగా ఉంటుంది గానీ లిపిడ్‌కు బదులు పనికిరాదు, పైగా గుండెను ఇంకా కుంగదీస్తుంది. ఎమల్షన్‌ను 25 డిగ్రీలు దాటనివ్వకూడదు. మే నెలలో విజయవాడలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో ఏసీ లేని స్టోర్ గదిలో పడేసిన సీసా ఏ స్థితిలో ఉందో అత్యవసరంలో ఎవరూ చూడరు. ఎండాకాలం మొదలవకముందే దాన్ని చల్లని చోటికి మార్చి, నూనె తేలిందా లేదా చూసుకోవాలి.

బ్లాకు పట్టిందా లేదా

20, 30 నిమిషాలు ఆగి, ఐస్ ముక్కతో గానీ స్పిరిట్ దూదితో గానీ వీపు, పక్క, ముందు భాగాలను మూడు చోట్లా విడివిడిగా పరీక్షించాలి. వీపు మీద చల్లదనం తెలియకపోతే వెనక కొమ్మలు పట్టినట్టు, అంతే. ముందు భాగం తెలుస్తోందా లేదా అన్నదాన్ని కేసు షీటులో రాయాలి. పక్కటెముకల రోగిలో అంతకంటే మంచి పరీక్ష, ఊపిరి లాగి బంతులు లేపే మూడు బంతుల స్పైరోమీటర్. బ్లాకుకు ముందు ఒక బంతి కూడా లేవనివాడు అరగంట తరువాత రెండు లేపితే, దగ్గమంటే దగ్గితే, చర్మం మీద పటం ఎలా ఉన్నా బ్లాకు తన పని చేసింది. మార్పు లేకపోతే అదే బ్లాకును మళ్లీ వేయడంలో అర్థం లేదు. మోతాదులో మిగిలినదెంతో లెక్కచూసుకుని పారావర్టిబ్రల్ గానీ, పక్కభాగానికి సెరటస్ బ్లాకు గానీ వేయాలి. మిగల్లేదంటే కొన్ని గంటలు నోటి మందులు, ఐవీ మందులతో గడపాలి.

ఒక్కసారి వేసిన మందు పనితనం ఆ పూటతో సరి, పక్కటెముకల నొప్పి రోజుల తరబడి ఉంటుంది. అందుకని క్యాథెటర్ పెడతారు. 18 గేజ్ టుయోహీ సూదితో ముందు 5 నుంచి 10 మి.లీ. సెలైన్‌తో పొరలను విడదీసి, మొన దాటి 3 నుంచి 5 సెం.మీ. లోపలికి క్యాథెటర్ జార్చాలి. ఇక్కడ గంటకు కొద్ది కొద్దిగా ఎక్కించడం కంటే ఒకేసారి ఎక్కువ పరిమాణం పంపడం మేలు, కొద్ది కొద్దిగా వచ్చే మందు మొన చుట్టూనే ఇంకిపోతుంది. 0.125 శాతం బుపివకైన్ 20 మి.లీ. ఆరు గంటలకొకసారి ఇస్తే రోజుకు 100 మి.గ్రా. అవుతుంది, పంపు లేని వార్డులో నర్సు చేత్తో కూడా ఇవ్వచ్చు. ప్రతిసారీ ముందు లాగి చూసి, 5 మి.లీ. చొప్పున, ఇచ్చాక అరగంట బీపీ చూస్తూ. చెమటకు ప్లాస్టర్ ఊడి క్యాథెటర్ బయటికొచ్చేయడం ఎండాకాలంలో తరచూ జరిగేదే. చర్మం కింద కొద్ది దూరం సొరంగంలా తీసుకెళ్లి బిగిస్తే అది తగ్గుతుంది. దాని మీద "ఈఎస్‌పీ క్యాథెటర్, ఐవీ కాదు" అని పెద్ద అక్షరాలతో లేబుల్ అంటించాలి, సెలైన్ లైన్ అనుకుని యాంటీబయోటిక్ ఎక్కించే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

నడుము దగ్గర, ఛాతీ కింది భాగంలో వేసినప్పుడు మందు అనుకోకుండా ముందుకు పారి కాళ్లకు వెళ్లే నరాలను తాకవచ్చు. సిజేరియన్ నొప్పికి రెండు వైపులా ఈఎస్‌పీ వేశాక కాళ్లు పట్టు తప్పిన కేసు ప్రచురితమైంది. అందుకే నడుము సర్జరీ రోగినైనా, బాలింతనైనా మంచం దింపే ముందు రెండు మోకాళ్లూ ముడిచి, మడమ పైకెత్తించి చూడాలి. పట్టు తక్కువగా ఉంటే బ్లాకు దిగేదాకా ఒంటరిగా లేవనివ్వకూడదు. గంటలు గడిచినా బలం రాకపోతే, లేదా వచ్చిన బలం మళ్లీ తగ్గితే, అది బ్లాకు వల్లే అనుకుని కూర్చోకుండా వెన్నుకు ఎంఆర్‌ఐ తీయించాలి.